పిట్టల జోలికి పోకుండా పిల్లిని ఇంటిపట్టున ఉంచడం ఎలా

ఇది పిల్లుల్ని పెంచుకునేవాళ్ల కోసం రాస్తున్నా, పిల్లంటే పడనివాళ్ల కోసం కాదు. మీ పిల్లి తెల్లవారకముందే పిట్టగోడ దూకి వెళ్లిపోయి, ఎండెక్కాక వచ్చి సోఫాలో ముడుచుకుని పడుకుంటుందంటే, ఆ మధ్యలో అది చేసినవాటిలో మీకు తెలిసేది చాలా తక్కువ. ఎప్పుడో ఒక పికిలిపిట్టనో ఉడుతపిల్లనో తెచ్చి గుమ్మంలో పడేసినప్పుడు తెలుస్తుంది. అదైనా పూర్తి లెక్క కాదు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో పెంపుడు పిల్లుల మెడకు చిన్న కెమెరాలు కట్టి చూస్తే, అవి పట్టినవాటిలో ఇంటికి తెచ్చింది దాదాపు నాలుగో వంతే, మిగతావి అక్కడికక్కడే తినేశాయి, లేదా చంపి వదిలేసి వచ్చాయి.

అదే అమెరికాలో 2013లో వేసిన అంచనా ప్రకారం బయట తిరిగే పిల్లులు ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల దాకా పక్షుల్ని చంపుతున్నాయి. అందులో ఎక్కువ వాటా యజమాని లేని పిల్లులదే, నిజమే, కానీ మన చేతిలో ఉన్నది మన పిల్లి ఒక్కటే కదా. కొన్నిచోట్ల దీన్ని యజమాని ఇష్టానికి వదలడం లేదు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో 2022 జులై 1 నుంచి పుట్టిన పిల్లుల్ని ఇంటి హద్దు దాటనివ్వకూడదని రూలు పెట్టారు. అదే ఏడాది జర్మనీలోని వాల్‌డోర్ఫ్ అనే ఊళ్లో, నేలమీద గూడు పెట్టే ఒక చిన్న పిట్ట కొద్దిగానే మిగిలిందని, ఆగస్టు చివరిదాకా పిల్లుల్ని లోపలే ఉంచాలని ఆదేశం ఇచ్చారు, అక్కడి పిల్లుల యజమానులు గోలగోల చేశారనుకోండి, అది వేరే కథ.

మన ఇళ్ల దగ్గర పిల్లికి చిక్కేవి ఏవంటే, ముందు నేలమీద మేసేవి, కిందగా గూడు పెట్టేవి. పిచ్చుకలు, గోరింకలు గింజలకీ పురుగులకీ నేలమీదకే దిగుతాయి. పికిలిపిట్ట మన ఛాతీ ఎత్తులో, బోగన్‌విల్లా పొదలోనో క్రోటన్ మొక్కలోనో గూడు కడుతుంది. తేనెపిట్ట అయితే బాల్కనీలో వేలాడే కేబుల్ వైరుకి కూడా గూడు అల్లేస్తుంది. తీతువు ఖాళీ ప్లాటులో రాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది, ఒక్కోసారి డాబా మీద కూడా. వీటన్నిటికంటే సులువుగా దొరికేవి, అప్పుడే గూడు దిగిన పిల్లలు. ఒళ్లంతా ఈకలొచ్చి, తోక ఇంకా పొట్టిగా ఉండి, ఎగరడం సరిగ్గా రాక ఒకట్రెండు రోజులు నేలమీదే గెంతుతుంటాయి, తల్లీతండ్రీ అక్కడికే వచ్చి తినిపిస్తుంటాయి. వేసవి నుంచి వానాకాలం దాకా ఇదంతా జరుగుతుంటుంది.

పిల్లి ముట్టుకోకపోయినా నష్టమే అని ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ పరిశోధకులు 2013లో చూపించారు. గూడు దగ్గర ఒక ఉత్తుత్తి పిల్లిని, అంటే చచ్చిన పిల్లి చర్మంలో పొట్టు కుక్కి చేసిన బొమ్మని, కాసేపు పెట్టి తీసేస్తే, ఆ తర్వాత కూడా తల్లిపిట్టలు పిల్లలకు తిండి తేవడం దాదాపు మూడో వంతు తగ్గిపోయింది. పైగా పిల్లిని చూసి అవి చేసిన గోలకి కాకిజాతి పక్షులకి గూడు ఎక్కడుందో తెలిసిపోయింది. కాబట్టి "మాది ముసలిది అండీ, ఏమీ పట్టదు, ఊరికే కూర్చుని చూస్తుంది" అనే మాట పూర్తిగా చెల్లదు.

ఇక అసలు పని. చాలామంది ఇక్కడే ఒక పొరపాటు అంచనాతో మొదలుపెడతారు, తలుపు మూస్తే అయిపోతుందని. తలుపు మూయడం ఒక రోజు పని. పిల్లి వేట మాత్రం మానదు, ఎందుకంటే అది ఆకలి కోసమే వేటాడదు, కడుపు నిండా తిన్న పిల్లి కూడా ఎదురుగా ఏదైనా కదిలితే ఒళ్లు దగ్గరికి తీసుకుని పొంచి కూర్చుంటుంది. ఆ వేటని ఇంట్లోనే, బొమ్మల మీద, మీతో కలిసి చేసుకునే ఏర్పాటు ఉంటే పిల్లి లోపల సుఖంగా ఉంటుంది. లేకపోతే రాత్రంతా తలుపు గీకుతుంది, మీకు నిద్ర ఉండదు, నాలుగో రోజున మీరే తలుపు తీసేస్తారు. కింద చెప్పేవాటిలో సగం ఆ ఏర్పాటు గురించే.

ముందు ఆపరేషన్

మగదైనా ఆడదైనా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకుండా లోపల ఉంచాలని చూడకండి. ఎదకొచ్చిన ఆడపిల్లి అరుపు వింటే అపార్ట్‌మెంట్ మొత్తం మీ తలుపు కొడుతుంది, మగదైతే కర్టెన్ల మీదా పరుపు మీదా ఉచ్చ చిమ్ముతుంది, రెండూ కాలుగాలిన పిల్లిలా అనే మాటకి అర్థం చూపిస్తాయి. సాధారణంగా నాలుగైదు నెలల వయసు దాటగానే చేయించవచ్చు, డాక్టరు బరువు చూసి చెప్తారు. జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ పశువైద్యశాలలో కూడా అడిగి చూడండి, అన్నిచోట్లా పిల్లులకి చేస్తారని కాదు గానీ, చేసేచోట ఖర్చు తక్కువ. ఇంట్లోనే ఉంటుంది కదా అని టీకాలు మానేయకండి. రేబిస్ టీకా తప్పనిసరి, పిల్లులకి వచ్చే మూడు జబ్బులకి కలిపి ఇచ్చే టీకా కూడా, ఎందుకంటే ఆ వైరస్‌లలో కొన్ని మన చెప్పులకి అంటుకుని లోపలికి వస్తాయి.

కడుపు సంగతి

ఈ విషయంలో కాస్త గట్టిగానే చెప్తాను. పెరుగన్నం, పాలన్నం పెట్టి పెంచుతూ "మా పిల్లి శాకాహారం" అని మురిసిపోయే ఇళ్లు నాకు చాలా తెలుసు. ఆ పిల్లి శాకాహారి కాదు, దానికి కావలసిన మాంసం ఊళ్లో పిట్టల దగ్గర వసూలు చేసుకుంటోంది, అంతే. పిల్లి శరీరానికి టారిన్ అనే పదార్థం కావాలి, అది మాంసంలో, చేపలో ఉంటుంది, పిల్లి తనంతట తాను కావలసినంత తయారుచేసుకోలేదు. అది లేకపోతే కళ్లూ గుండే దెబ్బతింటాయి. పాలు కూడా పెద్దయ్యాక చాలా పిల్లులకి పడవు, విరేచనాలు అవుతాయి.

ఇంగ్లండ్‌లోనే ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు మూడు వందలకు పైగా పిల్లులతో చేసిన పరిశోధన 2021లో వచ్చింది. బయట తిరిగే పిల్లులకి మాంసం ప్రోటీన్ ఎక్కువ ఉండే తిండి పెట్టినప్పుడు అవి ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. ఇంకేమీ చేయకుండా, తిండి మార్చినందుకే! కాబట్టి ప్యాకెట్ తిండి కొంటే వెనక రాసిన పదార్థాల్లో మొదటి పేరు చూడండి, చికెనో చేపో ఉండాలి, మొక్కజొన్నో గోధుమో కాదు. ఇంట్లో వండేవాళ్లు ఉప్పూ కారం ఉల్లి వెల్లుల్లి లేకుండా ఉడకబెట్టిన చికెన్, ముళ్లు తీసిన చేప పెట్టవచ్చు, ఉల్లీ వెల్లుల్లీ పిల్లికి విషం అని గుర్తుపెట్టుకోండి, కాబట్టి మన కూరలోంచి ముక్క తీసి కడిగి పెట్టడం కుదరదు. పూర్తిగా ఇంటి వంట మీదే పెంచాలనుకుంటే డాక్టరుని అడిగి పోషకాలు కలపాలి. ఇంట్లో మాంసం వండరు అనుకుంటే ప్యాకెట్ తిండే మంచి దారి, వేరే గిన్నె, వేరే మూల, ఎవరికీ ఇబ్బంది ఉండదు. దానికీ ఒప్పుకోని ఇల్లయితే పిల్లి బదులు కుందేలుని పెంచుకోవడం అందరికీ మంచిది.

ఇంటికి ఎన్ని కంతలున్నాయో చూడండి

ఒక రోజు తీరిగ్గా ఇల్లంతా పిల్లి ఎత్తులో కూర్చుని చూడండి. మన ఇళ్లలో తలుపులు మూసి ఉండవు, అదే మొదటి చిక్కు. పాలవాడు, పనమ్మ, పక్కింటి పిల్లలు, కొరియర్, వంటింటి వెనక వాష్ ఏరియా తలుపు, పైకి వెళ్లే మెట్ల తలుపు. బాత్‌రూమ్ వెంటిలేటర్‌లో ఒక గాజు పలక విరిగిపోయి ఎన్నాళ్లయిందో మీకే గుర్తుండదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తీసేసిన రంధ్రం, ఏసీ పైపు కోసం కొట్టిన కంత. పిల్లి తల పట్టిందంటే ఒళ్లు కూడా పడుతుంది.

ఇండిపెండెంట్ ఇల్లయి, ముందు గ్రిల్ వరండా ఉంటే మీ అదృష్టం. ఆ గ్రిల్‌కి లోపలివైపు సన్న కన్ను ఉన్న వెల్డ్‌మెష్ జాలీ కట్టించేస్తే పిల్లికి గాలీ వెలుతురూ ఎండా వానచినుకూ అన్నీ తగిలే గది తయారవుతుంది, పిట్టలు బయట, అది లోపల. వెల్డర్ ఒక పూటలో చేసి వెళ్తాడు. కోళ్లకి వాడే పల్చటి జాలీ చవకే కానీ తొందరగా తుప్పు పడుతుంది, కొసలు గుచ్చుకుంటాయి. గ్రిల్ గేటుకి కూడా జాలీ వేయించి, గ్రిల్ గేటు వేశాకే లోపలి తలుపు తీయడం ఇంట్లో అందరికీ అలవాటు చేస్తే, పారిపోవడం అనే సమస్యలో ముప్పావు వంతు తీరిపోతుంది. మే నెలలో మాత్రం ఆ వరండా పొయ్యిలా ఉంటుంది, మధ్యాహ్నం పూట పిల్లి లోపలికి రావడానికి దారి ఉంచండి, నీళ్ల గిన్నె నీడలో పెట్టండి.

అపార్ట్‌మెంట్‌లో బాల్కనీ చూడాలి. పావురాలు రాకుండా కట్టే నైలాన్ వల చాలాచోట్ల ముందే ఉంటుంది, అది బిగుతుగా, అంచులన్నీ హుక్కులకి సరిగ్గా పట్టి ఉంటే పెద్ద పిల్లికి సరిపోవచ్చు, కానీ కొన్ని పిల్లులు దాన్ని కొరికేస్తాయి కాబట్టి నెలకోసారి అంచులు తడిమి చూడాలి. వదులుగా వేలాడే వల ఇంకో రకంగా చెడ్డది, పావురాలూ గోరింకలూ అందులో చిక్కుకుని గిలగిల్లాడి చస్తాయి, పిట్టల కోసం కట్టి పిట్టల్నే చంపినట్టవుతుంది. ఇన్విజిబుల్ గ్రిల్ అని ఈమధ్య వేస్తున్న స్టీలు తీగల మధ్య రెండు మూడు అంగుళాల ఎడం ఉంటుంది, పిల్లికూన దాంట్లోంచి సులువుగా దూరిపోతుంది, పెద్దది కూడా తీగ వంచుకుని ప్రయత్నిస్తుంది. అంగుళం కన్నా తక్కువ కన్ను ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ అన్నిటికన్నా మేలు. అద్దె ఇల్లయితే గోడకి డ్రిల్ చేయకుండా, ఉన్న రెయిలింగ్‌కే ప్లాస్టిక్ టైలతో జాలీని బిగించవచ్చు. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా కాళ్ల మీదే పడుతుందిలే అని ఊరుకోకండి, కాళ్ల మీద పడినా దవడ, ఛాతీ దెబ్బతింటాయి, పావురం మీదకి దూకబోయి జారిపడటం మామూలే.

కిటికీల దోమల మెష్‌ని నమ్ముకోవద్దు. ఫైబర్ మెష్ గోళ్లకి చిరిగిపోతుంది, మడత మెష్ అయితే ఒక్క గుద్దుకే ఊడి వస్తుంది. జారే కిటికీల మెష్ తలుపుని పిల్లి పంజాతో పక్కకి తోయడం నేర్చుకుంటుంది, దానికి చిన్న స్టాపర్ పెట్టించండి.

ఇక పెంకుటిళ్లు, నడవా మండువా ఉన్న ఊరి ఇళ్లు. వాటిని మూయడం అయ్యే పని కాదు. ఒక గదిని పిల్లి గదిగా చేసి, సాయంత్రం నుంచి పొద్దెక్కేదాకా అందులో ఉంచడం మాత్రం అయ్యే పనే, దాని గురించి కింద చెప్తాను. ఎలుకల మాటేమిటి అంటారు అక్కడ, పిల్లిని పెంచేదే ఎలుకల కోసం కదా అని. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక చెత్త రీసైక్లింగ్ కేంద్రంలో ఎలుకలూ పిల్లులూ ఉన్నచోట కెమెరాలు పెట్టి చూస్తే, 79 రోజుల రికార్డింగులో పిల్లులు చంపిన ఎలుకలు రెండు. బలిసిన ఎలుక తిరగబడుతుంది, పిల్లి తెలివైనది, సులువుగా దొరికేదాని మీదకే పోతుంది. ధాన్యం ఉన్న ఇంట్లో ఎలుకలకి రేకు డబ్బాలు, బోను, కంతలు పూడ్చడం ఇవే పనిచేస్తాయి. ఎలుకల మందు పెట్టిన ఇంట్లో పిల్లిని వదిలితే మందు తిన్న ఎలుకని తిని పిల్లీ చావచ్చు.

మట్టి డబ్బా

బయట దొడ్డికి పోయే అలవాటున్న పిల్లి లోపల డబ్బా వాడదేమో అని టెన్షన్ పడతారు, నిజానికి ఇది అన్నిటికంటే తొందరగా అలవాటయ్యేది. డబ్బా పెద్దది ఉండాలి, పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉండే పొడవుకి ఒకటిన్నర రెట్లు, సామాన్ల షాపులో దొరికే లోతైన ప్లాస్టిక్ టబ్ చాలు. మొదట్లో అది ఎక్కడ వెళ్తుండేదో ఆ మట్టి లేదా ఇసుక తెచ్చి వేయండి, తర్వాత కొద్దికొద్దిగా దుకాణంలో దొరికే గడ్డకట్టే లిట్టర్ కలుపుతూ పోండి. వాసన వేసే సెంటు లిట్టర్ మనకి బాగుంటుంది, పిల్లికి నచ్చదు. పిల్లి ఒకటుంటే డబ్బాలు రెండు, రెండుంటే మూడు. తిండి గిన్నె పక్కన పెట్టకండి, వాషింగ్ మెషిన్ పక్కన పెట్టకండి, అది మోత మొదలుపెట్టిన రోజు నుంచి పిల్లి మీ పరుపుని వాడుతుంది.

రోజుకి ఒకసారైనా ఎత్తేయాలి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉండే అవకాశం ఉంది, అది బయటపడ్డాక మనకి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, కాబట్టి రోజూ ఎత్తేస్తే ఆ భయం చాలావరకు పోతుంది. గర్భంతో ఉన్నవాళ్లు ఆ పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించాలి, అంతేగానీ పిల్లిని ఇంట్లోంచి పంపేయక్కర్లేదు. ఎత్తింది కవర్లో కట్టి చెత్తలో వేయండి, లెట్రిన్‌లో పోస్తే పైపు జామ్ అవుతుంది.

ఇంట్లో వేట

దీని మీదే ఎక్కువ టైమ్ పెట్టండి. ఎక్సెటర్ వాళ్ల పరిశోధనలోనే, రోజుకి 5 నుంచి 10 నిమిషాలు పిల్లితో ఆడినందుకు ఇంటికొచ్చే వేట 25 శాతం తగ్గింది. పది నిమిషాలంటే మనం ఫోనులో ఒక రీలు తర్వాత ఇంకో రీలు చూసే సమయం.

ఆడటానికి పద్ధతి ఉంది. కర్రకి తాడు కట్టి, తాడు చివర గుడ్డ ముక్కో ఈకలాంటిదో కట్టండి. దాన్ని పిల్లి మొహం మీదకి తేవద్దు, ఏ పిట్టా పిల్లి మొహం మీదకి రాదు. పిల్లికి దూరంగా పోనివ్వండి, కుర్చీ కాలు చాటుకి తీసుకెళ్లండి, ఆపండి, కొంచెం వణికించండి, మళ్లీ పోనివ్వండి. అది నడుము ఊపి దూకినప్పుడు కొన్నిసార్లు తప్పించండి, కొన్నిసార్లు దొరకనివ్వండి. చివర్లో కచ్చితంగా దొరకాలి, దొరికిన వెంటనే తిండి పెట్టండి. వేట, పట్టుకోవడం, తినడం, ఒళ్లు నాక్కోవడం, నిద్ర, ఈ వరస పూర్తయితే పిల్లి పడుకుంటుంది. రాత్రి పదింటికి ఈ వరస నడిపితే తెల్లవారుజామున మూడింటికి మీ మొహం మీద నడవడం చాలావరకు మానేస్తుంది. లేజర్ లైటుతో మాత్రమే ఆడిస్తే దేన్నీ పట్టుకున్నట్టు ఉండదు, విసుగొస్తుంది, చివర్లో ఏదో ఒక వస్తువు దొరకనివ్వాలి. ఆట అయ్యాక తాడు బీరువాలో పెట్టేయండి. దారం మింగితే పేగులు చుట్టుకుపోయి ఆపరేషన్ దాకా వెళ్తుంది, మన ఇళ్లలో ఇది ఎక్కువగా జరిగేది దేవుడి గదిలో వాడిపోయిన పూలదండ దారంతో, కుట్టుమిషన్ దగ్గర సూదీదారంతో, జడ రబ్బర్లతో.

తర్వాత ఎత్తు. పిల్లికి పైనుంచి చూడటం కావాలి, మన ఇళ్లలో దానికి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు, అటక ఉంది, బీరువా పైన ఉంది, ఎక్కడానికి మధ్యలో ఒక స్టూలో అరో ఉంటే చాలు. గోళ్లు గీక్కోవడానికి మంచం నులక తాడు ఒక కర్రకి గట్టిగా చుట్టి, అది ఒళ్లు పూర్తిగా సాగదీసేంత ఎత్తులో నిలబెట్టండి, సోఫా బతికిపోతుంది. గోళ్లు తీయించేయడం మాత్రం వద్దు, అది వేళ్ల చివరి కణుపు కోసేయడమే. ఆన్‌లైన్‌లో ఏది కొన్నా వచ్చే అట్టపెట్టె పారేయకండి.

పచ్చగడ్డి నములుతాయి కొన్ని పిల్లులు. కుండీలో గోధుమలు చల్లితే వారంలో మొలుస్తాయి. జొన్నలు మాత్రం చల్లకండి, లేత జొన్న మేసి పశువులు ఎందుకు పడిపోతాయో రైతుల్ని అడగండి, దాంట్లో సైనైడ్ పుడుతుంది. పెరట్లో కలుపుగా పెరిగే కుప్పింటాకు మొక్క వేరు వాసనకి చాలా పిల్లులు మత్తెక్కి దొర్లుతాయి, పీకి ఒక ఐదు నిమిషాలు వాసన చూపించి తీసేయండి, తిననివ్వకండి. బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీ పువ్వుల పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు పోతాయి, అవి ఇంట్లోకే రానివ్వకండి. సైకస్ కుండీ కూడా ఇంట్లో వద్దు, అదీ పిల్లికి విషమే. మనీప్లాంట్ ప్రాణం తీయదు గానీ నోరు మండుతుంది.

బయట మరిగిన పిల్లిని లోపలికి తేవడం

కూనగా ఉన్నప్పటి నుంచే లోపల పెంచితే ఈ భాగం మీకు అక్కర్లేదు. అలవాటుపడ్డదాన్ని ఒక్కసారిగా బంధించకండి. ముందు తిండి వేళలు ఖాయం చేయండి, గిన్నె ఎప్పుడూ నింపి ఉంచితే దానికి ఇంటికి రావాల్సిన పనే ఉండదు. సాయంత్రం చీకటి పడకముందు ఒకే టైమ్‌కి, ఒకే శబ్దంతో, డబ్బా గలగలలాడించో పేరు పెట్టి పిలిచో, దానికి బాగా ఇష్టమైనది లోపల పెట్టండి. వచ్చాక తలుపు వేసేసి ఆడించండి, ఎండ బాగా వచ్చేదాకా తీయకండి. తెల్లవారుజామూ మునిమాపూ వేటకి మంచి వేళలు, పిట్టలు కూడా అప్పుడే మేతకి దిగుతాయి, ఈ ఒక్క మార్పుతోనే చాలా తేడా వస్తుంది. ఒకట్రెండు వారాలకి లోపల ఉండే సమయం కొంచెం కొంచెం పెంచుకుంటూ పోండి. వానాకాలం మొదట్లో ఈ పని పెట్టుకుంటే సగం పని వానే చేసి పెడుతుంది, తడవడం ఇష్టం లేని పిల్లి తనే లోపల కూర్చుంటుంది.

అరుస్తుంది. తలుపు దగ్గర కూర్చుని, ఇంట్లో మనుషుల్ని ఎవరో చంపుతున్నట్టు అరుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు "పాపం దాన్ని వదిలెయ్యి నాయనా" అంటారు. అరిచినప్పుడు తలుపు తీశారా, ఇంకోసారి అంతకు రెట్టింపు అరవాలని నేర్పినట్టే, ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. పిల్లి అరుపు ఆగాక ఒక నిమిషం చూసి, అప్పుడు తలుపుకి దూరంగా పిలిచి ఆడించండి. తలుపు దగ్గర ఎప్పుడూ ముద్దు చేయకండి, తినడానికి పెట్టకండి, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ అక్కడ దాన్ని పట్టించుకోకండి. పనమ్మకి మీరే ఒకసారి చూపించి చెప్పండి, తలుపు తీసేటప్పుడు సంచి కింద అడ్డం పెట్టమని.

ఎంత జాగ్రత్తపడినా ఒక రోజు జారుకుంటుంది. కాలరుకి మీ ఫోను నంబరు రాసి ఉండాలి. ఇంట్లో ఉండే పిల్లి సాధారణంగా దూరం పోదు, మెట్ల కింద, పార్కింగ్‌లో కారు కింద, పక్కవాళ్ల సన్‌షేడ్ మీద నక్కి ఉంటుంది, పిలిచినా పలకదు. రాత్రి జనం పడుకున్నాక టార్చితో కిందకి వంగి వెతకండి, కళ్లు మెరుస్తాయి.

పూర్తిగా ఉంచలేనివాళ్లకి

పిల్లి మెడలో గంట ఎవరు కడతారని సామెత గానీ, కట్టినా పెద్దగా ఒరిగేది లేదు, ఎక్సెటర్ పరిశోధనలో గంటతో తేడా ఏమీ కనిపించలేదు. రంగురంగుల గుడ్డ కాలరు మీద తొడిగినప్పుడు మాత్రం పట్టే పక్షులు 42 శాతం తగ్గాయి. పిట్టలకి రంగులు బాగా తెలుస్తాయి, పొదలో పొంచి ఉన్నది వాటికి కనబడిపోతుంది. ఇది ఇంట్లో కుట్టేయవచ్చు: ఎరుపు, పసుపు గళ్లున్న పాత గుడ్డని గొట్టంలా కుట్టి కాలరు దూర్చడమే. కాలరు మాత్రం గట్టిగా లాగితే ఊడిపోయే బకిల్ ఉన్నదే కొనండి, కొమ్మకి తగులుకుంటే మెడకి ఉరి పడకూడదు. తిండిని కష్టపడి తీసుకునే పజిల్ డబ్బాలు పెడితే బయట తిరిగే పిల్లులు వేట ఇంకా పెంచాయట ఆ పరిశోధనలో, కాబట్టి అవి పూర్తిగా లోపలుండే పిల్లికే ఉంచండి.

గూళ్లు పెట్టే నెలల్లో, మీ పెరట్లో పికిలిపిట్ట గూడు కనబడిందంటే, పిల్లలు ఎగిరిపోయేదాకా మొత్తం లోపలే ఉంచండి, గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి నెల రోజుల్లోపే అయిపోతుంది. వేసవిలో పిట్టలకి నీళ్ల మూకుడు పెట్టేవాళ్లు దాన్ని పొదకి ఆనించి పెట్టకండి, పిల్లి అందులోంచే దూకుతుంది, చుట్టూ ఖాళీ ఉన్నచోట, ఎత్తు మీద పెట్టండి. వీధి పిల్లులకి తిండి పెట్టేవాళ్లు అదే చోట పిట్టలకి గింజలు చల్లకండి, పెట్టే పిల్లులకి ఆపరేషన్ కూడా చేయించండి, లేకపోతే ఏడాది తిరిగేసరికి రెండు కాస్తా పది అవుతాయి.

పిట్ట నోట్లో ఉండగా చూస్తే

పిల్లి మీద అరవకండి, పట్టుకుని పరిగెడుతుంది. తువ్వాలు దాని మీద వేసి, లేదా గట్టి వాసన వచ్చే చేప ముక్క చూపించి విడిపించండి. పిట్టని తువ్వాలుతోనే ఎత్తి, రంధ్రాలున్న చెప్పుల అట్టపెట్టెలో పెట్టి మూయండి, చీకటిగా ఉంటే దాని కంగారు తగ్గుతుంది. నోట్లో నీళ్లు పోయకండి, అన్నం పెట్టకండి. బయటికి గాయం కనబడకపోయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, పిల్లి నోట్లో ఉండే పాస్టురెల్లా అనే బాక్టీరియా చిన్న పంటి గాటు నుంచి కూడా ఒకట్రెండు రోజుల్లో పిట్టని చంపేస్తుంది, ఆ రోజే యాంటీబయాటిక్ పడాలి. పిల్లి నోట్లో పడకుండా నేలమీద గెంతుతున్న పిల్లపిట్ట అయితే డాక్టరు అక్కర్లేదు, తీసి దగ్గరి కొమ్మ మీద పెట్టండి, మనిషి వాసన తగిలితే తల్లి రాదన్నది వట్టి మాట. గాయపడ్డ పిట్ట ఉన్న పెట్టెని, డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా, పిల్లి లేని గదిలో ఉంచి గడియ వేయండి, ఊరికే హ్యాండిల్ మూస్తే దాని మీద వేలాడి తీసేసే పిల్లులు ఉన్నాయి.